అయిదు కిలోల బాటు

ధర్మాబాద్‌ల మాఘం వస్తే
ఊరు ఊరంత తుమ్ముతది.
స్టేషన్ల దిగినోళ్లు ముక్కుకు కొంగో దస్తీయో అడ్డం పెట్టుకొని
మార్కెట్ యార్డు ఎటో అడగకుంటనే తెలుసుకుంటరు.

మా లింబాద్రి మనుషులను తుమ్ముతోటి గుర్తువడతడు.
రెండు తుమ్మి మూడోది మింగేటోడు అడతి గుమస్తా,
పిల్లిలెక్క తుమ్మేది నాందేడ్ బస్సు కండక్టరు పెండ్లాం,
తుమ్మినంక "ఆయీ గ" అని నడుం పట్టుకునేది
మూడిండ్ల అవతలి సుశీలాబాయి.
ఏడేండ్లప్పుడు అమ్మవారు పోసి
కండ్లు రెండూ తీసుకొని
ముఖమంత గింజలు చల్లిపోయిందట.

పెండ్లిచూపులకు మా అన్న ముత్తెన్న ఒక్కడే పోయొచ్చి
"పిల్లగాడు మంచోడు, నిన్ను చూసుకుంటడు" అన్నడు.
ఆ మాటకు నేను నవ్విన.
నవ్వినందుకు అన్న కండ్లల్ల నీళ్లు.

పెండ్లయిన కొత్తల రాత్రిపూట అడుగుతుండె:
"మీ అన్న ఎట్లుంటడు?"
నేనెట్లుంటనో అడగలే, అన్న సంగతే.
నేను చెప్తుంటి.
పొడుగు. నుదుటికి బుక్కా.
మాట్లాడే ముందు ఎదుటోని చెయ్యి పట్టుకుంటడు.
అమ్మ సచ్చిన యేడు నాకోసం జడ అల్లుడు నేర్చుకున్నడు.
వంకరజడకు బడిల పోరగాండ్లు నవ్వితే
పగటిదాక బడి గేటుకాడ నిలవడ్డడు.
ఆయన వింటుండె. వేళ్లు నేలమీద కదులుతుండె,
ఏదో రాసుకుంటున్నట్టు.

ముప్పయి యేండ్లు మా గిర్నీకి మిర్చి అన్ననే తెచ్చిండు.
తన కాంటామీదనే తూచి
గోతాలు వాకిట్ల దించి పోతుండె.
తొడిమలు నావి, పట్టుడు ఆయనది.
ప్రతిసారీ గోతం భుజానికెత్తుకొని
గడపమీద ఒక్క ఘడియ ఆగుతుండె.
మోకాళ్ల నొప్పేమో అనుకుంటుంటి.
ఆగి, లోపలికొచ్చి,
"మీ అన్న చెయ్యి పెద్దది" అంటుండె.
నాకు కడుపు నిండేది.

పోయిన ఆషాఢంల అన్న పోయిండు.
వదిన పాత సందుగ ఖాళీ చేస్తే నా పాలికొచ్చినయి
ఒక దస్తీ, పండరిపురం తులసిమాల,
అయిదు కిలోల ఇనుప బాటు.
తుడుద్దామని బోర్లిస్తే
అడుగున మసి రుద్దిన మైనం ఊడి చేతిల పడ్డది.
సీసం ఉండాల్సిన గుంత ఖాళీ.
ఉలితోటి గీకి గీకి తీసిన గీతలు.

ఆ రాత్రి నిద్రలేదు.
గోతానికెంత, ఏడాదికెంత, ముప్పయి యేండ్లకెంత.
లెక్క నడుమ ఆ వంకరజడ అడ్డమొచ్చేది.
మళ్ల మొదటినుంచి.

తెల్లారి, ఏం చెప్పకుంట, ఆయన చేతిల పెట్టిన.
ఆ చెయ్యంటే,
పుస్తెలు పట్టి చూసి సేటు తూకం తప్పన్న చెయ్యి,
చంటిదాన్నెత్తి "పోయినవారం కన్న పావుశేరు తగ్గింది" అన్న చెయ్యి.
బాటును ఇటు తిప్పిండు, అటు తిప్పిండు.
బొటనవేలు కిందికి పోయి
గుంతల ఆగింది,
గడపమీద ఆగినట్టే.
గప్పుడు నాకు ఆ మోకాళ్లు యాదికొచ్చినయి.

"సరిగ్గ అయిదు కిలోలు" అన్నడు.
అంటుండంగనే తుమ్మిండు.
మాట నడుమ తుమ్మొస్తే సత్యమంటరు.
మా ఊర్ల తుమ్ములకేం కరువు,
గీ లెక్కన ఇక్కడ అబద్ధమన్నదే లేదు.

కోపమొచ్చింది. ఎవరిమీదనో తెల్వదు.
పగటీలి పప్పుల ఉప్పు రెండుసార్లు వేసిన.
మాట్లాడకుంట తిన్నడు,
ఇంక జర పెట్టమన్నడు.

ఇప్పుడు ఆ బాటును తలుపుకు ఆనిస్తం.
గోదావరి దిక్కు గాలి జోరుగొచ్చిందంటే
తలుపు దాన్ని నూకుకుంట వస్తది, బండలమీద కిర్రుమని.
ఇద్దరికీ వినవడుతది.
ఆయనే లేచి, తడుముకుంట పోయి,
కాలితోటి దాన్ని మళ్ల జరుపుతడు.

"ఇయ్యాల గాలి ఎక్కువున్నది" అంటడు.